వెనక చాప మీద కూర్చున్న అయ్యగారు

జొన్నాడ

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కిన దగ్గర్నుంచీ నాకు కూర్చోబుద్ధి కాలేదు. కిటికీ పక్క సీటు దొరికింది. అయినా లేచి వెనక్కి మారాను, అక్కణ్ణుంచి మళ్లీ ముందుకొచ్చాను. కండక్టరు చూసి, "ఏవండీ, ఒంట్లో నలతగా ఉందాండీ? జొన్నాడలో కాసేపు ఆపుతాం, దిగి టీ తాగండి" అన్నాడు. మా అనంతపురం బస్సులో అయితే "ఒగ చోట కూచో సామీ" అని గదిమేవాడు. ఇక్కడ గదమాల్సి వచ్చినా చివర అండీ తగిలిస్తారు.

జొన్నాడలో దిగాను. ఒక పక్క హైవే మీద లారీల మోత, ఇంకో పక్క గోదావరి. మా పెన్నను నేను చాలాసార్లు చెప్పులు విప్పకుండా దాటాను. అన్ని నీళ్లు ఒక్కచోట చూస్తే సంతోషం కంటే ముందు కంగారు పుట్టింది. టీ గ్లాసు చేత్తో పట్టుకునే రఫీకి ఫోన్ చేశాను.

"ఏం చెప్పాలో తేల్చుకున్నావా?" అన్నాడు.

"లేదు."

"నీ ఇష్టం. కానీ చెప్పకుండా తిరిగొచ్చావంటే నన్ను నిద్రపోనివ్వవు. అది మాత్రం గుర్తుపెట్టుకో."

రఫీ, నేను ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇంటి ఓనరు దృష్టిలో మేం స్నేహితులం. కాలేజీలో నేను, పెళ్లి మాటెత్తితే నవ్వి తప్పించుకునే లెక్చరర్ని. మాది కాపురమని తెలిసినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో మొదటివారు మా సారు, రెవరెండ్ ప్రొఫెసర్ దైవసహాయం గారు. వారమంతా యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పేవారు, ఆదివారం చర్చిలో ప్రసంగం చేసేవారు. నాకు తెలిసినంతలో, గే మనుషుల పక్షాన తెలుగులో మైకు ముందు నిలబడి మాట్లాడిన పాస్టరు ఆయనొక్కరే.

ఆయన పోయి ఏడాదైంది. రాజోలు దగ్గర వాళ్ల పేటలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామని, స్టూడెంట్ల తరఫున వచ్చి నాలుగు మాటలు చెప్పమని ఆయన చెల్లెలు సువార్తమ్మ గారు ఫోన్ చేశారు. ఆ నాలుగు మాటల్లో నా సంగతి ఉండాలా వద్దా అన్నదే నాచేత సీట్లు మార్పిస్తోంది.

కొత్తపేట

సారు చివరి రోజుల్లో ఫోన్లో తరచు చెప్పిన పేరు శ్రీను. కొత్తపేటలో ఫోటో స్టూడియో నడుపుతాడు. కూడిక మర్నాడు కనక దారిలో అతన్ని చూసి వెళ్దామని దిగాను.

స్టూడియో చిన్నది. గల్ఫుకి వెళ్లే కుర్రాళ్లు పాస్‌పోర్టు ఫోటోల కోసం బల్ల మీద వరసగా కూర్చున్నారు. శ్రీను భారీ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. సారు పేరు చెప్పగానే కెమెరా పక్కన పెట్టి, "టిఫిను చేసేరాండీ?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే పొట్టిక్కలు తెప్పించాడు. పనసాకులతో చిన్న బుట్టలు కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. నాకేం తెలుసు, ఆకుతో సహా కొరికాను. శ్రీను తన ప్లేటు నాకు కనపడేలా జరిపి, ఆకు నిదానంగా విప్పుకుని తిన్నాడు. నేనూ అలాగే విప్పాను. ఆ పనసాకు వాసన మా బొరుగుల ఉగ్గానికీ లేదు, రాగి సంగటికీ లేదు.

కుర్రాళ్లు వెళ్లాక చెప్పడం మొదలుపెట్టాడు.

"ప్రభుదాసుదీ నాదీ దోహాలో ఒకటే గదండి. ఏసీ మెకానిక్కులం. అక్కడే కలిసేం, అక్కడే ఒకళ్లకొకళ్లం అయ్యేం. వచ్చేసి ఈ షాపు పెట్టుకున్నాం. మావాడిదీ మీ సారుదీ ఒకటే పేట, వాళ్ల నాన్నగారు అక్కడి గుళ్లో, అదే చర్చిలో, సంఘ పెద్ద. సంగతి తెలిసిన రోజునే ఇంటికి రావద్దన్నారు. తర్వాత కామెర్లు ముదిరి మావాడు పోయేడు. బాడీని తీసుకెళ్తే సంఘం వాళ్లు సమాధుల దొడ్లో చోటు లేదన్నారండి."

"సారు అప్పటికి రిటైరై వచ్చేశారు కదా?"

"ఆయ్. ఆ గుళ్లో జీతం లేకుండా పాస్టరుగా చేస్తున్నారు. ఆయన భార్య సమాధి పక్కన తన కోసం చోటు ఉంచుకున్నారండి. చోటు లేదన్నవాళ్లతో, 'నా చోటు ఉంది కదండీ, అందులో పెట్టండి' అన్నారు."

బయట ఎవరో హారన్ కొడుతుంటే శ్రీను అటు చూశాడు.

"అయ్యగారు, అదే మీ సారు, ఎండలో తెల్ల గౌను వేసుకుని వచ్చేరు. ప్రార్థనయ్యేక, 'ఇతని ఇంటివాళ్లు ముందుకు రండి' అన్నారు. ఎవరూ కదల్లేదండి. వాళ్ల నాన్నగారు రానేలేదు. అయ్యగారు నా దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యేసి ముందుకు నడిపించేరు. 'మట్టి ముందు ఇతను వెయ్యాలి. ఇతనే ఇంటివాడు' అన్నారు. అంత మందిలో అన్నారండి."

"రేపు కూడికకి వస్తున్నారా?"

తల అడ్డంగా ఊపాడు. "ఆ రోజంటే ఆయన నడిపించేరు. ఇప్పుడు ఆ పేటలో నన్నెవరు నడిపిస్తారండి?"

అక్కడ ఇంకో నిమిషం కూర్చోలేకపోయాను. బస్సుకి టైమైందని అబద్ధం చెప్పి లేచాను.

ఐనవిల్లి

ఆ తొందరలో ఎక్కిన బస్సు నేననుకున్న దారిలో వెళ్లలేదు. అమలాపురం బోర్డు చూశానే తప్ప ఏ ఊళ్ల మీదుగా వెళ్తుందో చూడలేదు. కాలవలూ కొబ్బరి తోటలూ చుట్టి చుట్టి ఐనవిల్లి సిద్ధివినాయకుడి గుడి ముందు ఆగింది. ఇంజను నుంచి పొగ వస్తోందని, ఇంకో బస్సు వచ్చేదాకా అందరూ దిగాలని డ్రైవరు చెప్పాడు. ఎవరూ విసుక్కోలేదు. దేవుడే దింపాడన్నట్టు సగం మంది దర్శనానికి బయల్దేరారు.

నేను గుడి ముందు అటూ ఇటూ తిరుగుతుంటే కొబ్బరికాయలమ్మే ఆవిడ పిలిచింది. "ఎవరి తాలూకండీ తమరు? కొత్తగా ఉన్నారు."

అనంతపురమని చెప్పాను.

"అంత దూరం నుంచొచ్చి బయటే తిరుగుతారేంటండీ? మొక్కుంటే తీర్చుకోండి. పెళ్లయ్యిందాండీ?"

ఈ ప్రశ్నకి ఇంటి దగ్గర నా నవ్వు సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ అది రాలేదు. రేపటికి ఇది రిహార్సలు అనుకుని, గొంతు సవరించుకుని, "ఇంట్లో మనిషి ఉన్నారండి" అన్నాను.

"మరి ఆవిణ్ణి కూడా తీసుకురావలసిందండీ" అందావిడ, ఒక కాయ ఏరి నా చేతిలో పెడుతూ.

ఉన్నారు అన్న మాటలో మగా ఆడా తెలియదు. మన మర్యాదే నన్ను దాచేసింది. కాయ కొట్టించాను. దండం పెట్టుకుంటే ఏం అడగాలో తోచలేదు. అడగకుండానే వచ్చేశాను. చిప్పలో సగం ఆవిడకే ఇవ్వబోతే వద్దని, ముక్కలు కోసి కాగితంలో చుట్టి, "దారిలో తినండి, బస్సు ఎప్పుడొస్తుందో ఏమో" అంది. ఆ కొబ్బరి నిజంగా తియ్యగా ఉంది. మా దగ్గర కొబ్బరికాయని పండగకి కొంటాం. ఇక్కడ ఎదురొచ్చిన ప్రతి మనిషీ ఏదో రూపంలో ఒక ముక్క చేతిలో పెడతాడు.

తాటిపాక

అమలాపురంలో బస్సు మారి తాటిపాక చేరేసరికి పొద్దు వాలుతోంది. కొబ్బరి తలల వెనక ఎక్కడో గ్యాసు మంట కనిపించింది. భూమిలోంచి వచ్చే గ్యాసును తగలబెడతారట. పక్క సీటాయన దానివైపు చూడను కూడా చూడలేదు. నేను మాత్రం మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను. నా ఆలోచన మా సారు ఇంటి వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఎం.ఏ. రెండో ఏడు. క్లాసులో ఒక అబ్బాయి నడకని మిగతావాళ్లు అనుకరించి నవ్వారు. అప్పుడే లోపలికొచ్చిన సారు పుస్తకం తెరవకుండా నిలబడ్డారు. "అతని గురించి మాట్లాడుకోవడం ఆపండి. అతనితో మాట్లాడండి" అన్నారు. ఆ రోజు ఇంకే పాఠమూ చెప్పలేదు. ఆ ధైర్యంతోనే నేను ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆయన వంటింట్లో పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. నేను తడబడుతూ నా సంగతి చెప్పాను. ఆయన చేతులు ఆగాయి.

"నిద్ర పడుతోందా నీకు?" అన్నారు.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే. పట్టడం లేదని చెప్పాను. ఆ తర్వాత ఆయన అన్న మాట నాకు నచ్చలేదు. "నువ్వు తప్పు చేస్తున్నావని అనలేను. చెయ్యడం లేదని కూడా ఇవాళ అనలేను. నేను చదువుకున్నదంతా మళ్లీ చదవాలి. నాకు కొంత టైము ఇవ్వు."

కోపంగా లేచొచ్చేశాను. పాస్టర్లంతా ఒకటేననుకున్నాను. కొన్ని నెలలయ్యాక ఒక ఆదివారం ఆయనే కబురు పెట్టారు, చర్చికి రమ్మని. ప్రసంగం చేసే పుల్పిట్ ఎక్కి, నా పేరు ఎత్తకుండా, "ఇన్నాళ్లూ నేను ఈ పిల్లల మీద తీర్పు చెప్పేవాళ్ల పక్కన నిలబడ్డాను. ఇవాళ్టి నుంచి పిల్లల పక్కన నిలబడతాను" అన్నారు. కొందరు లేచి వెళ్లిపోయారు. ఆయన ఆపలేదు.

ఆ తర్వాత ఆయన జీవితం మారిపోయింది. ఇంట్లోంచి గెంటేసిన పిల్లలు ఆయన వరండాలో పడుకునేవాళ్లు. పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టిన కుర్రాళ్ల కోసం పాస్టర్లు పెట్టుకునే తెల్ల కాలరుతో వెళ్లి బెంచీ మీద కూర్చునేవారు. పాస్టర్లకి చదువు చెప్పే వేదాంత కళాశాలలు ఆయన్ని పిలవడం మానేశాయి. మాలాంటివాళ్ల ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజున మేమంతా స్వీట్లు పట్టుకెళ్తే, తిని, "జైలు తప్పింది. ఇల్లు ఇంకా దొరకలేదు" అన్నారు.

పేట

సువార్తమ్మ గారు రిటైరైన నర్సు. కాలవ గట్టున వాళ్ల ఇల్లు, దాని ఎదురుగానే చర్చి. ఇక్కడ క్రైస్తవులు కూడా దాన్ని గుడి అనే అంటారు. నన్ను చూడగానే వేణ్ణీళ్లు పెట్టించి, చేపల పులుసుతో అన్నం పెట్టి, అప్పుడు మాట్లాడారు.

"మా అమ్మ పొలాల్లో ఊడ్పులకెళ్లి మమ్మల్ని చదివించిందండి. అన్నయ్య పాస్టరయ్యేక ఆవిడ గుళ్లో ముందు వరసలో కూర్చునేది. అంతకు ముందు ఎక్కడా ముందు కూర్చున్న మనిషి కాదు. ఆ కుర్రోణ్ణి పాతిపెట్టేక సంఘం వాళ్లు అన్నయ్యని పుల్పిట్ ఎక్కొద్దన్నారు. ఇంకో గుడికి వెళ్లిపోదాం అన్నానండి. వినలేదు. 'ఇది అమ్మ గుడి' అన్నారు. ప్రతి ఆదివారం వచ్చి, వెనక ఆడవాళ్లూ పిల్లలూ కూర్చునే చాప మీద కూర్చునేవారు. పోయేదాకా అంతే."

పొద్దున్నే సమాధుల దొడ్డి చూపించారు. అక్కడ ఒక మూరెడు జాగా కూడా ఖాళీ లేదు. గొయ్యి తవ్వితే నడుము లోతు రాకముందే నీరు ఊరుతుందట, ఇసక పోసి పెట్టెని దించుతారట. మా ఊళ్లో ఎంత లోతు బోరు వేసినా రాని నీరు, ఇక్కడ చావుకి అడ్డం పడుతుంది. సారు భార్య పక్కన ప్రభుదాసు. సారు మాత్రం దూరంగా, కాలవ వైపు గోడ వార.

"చూడండి మాస్టారూ, మా వదిన పక్కనేమో ఎవరి కుర్రోడో. మా అన్నయ్యేమో గట్టు మీద. వదిన నన్ను అడిగితే ఏం చెప్పనండి?" అన్నారు. అంటూనే ప్రభుదాసు సమాధి మీద పడ్డ కొబ్బరి మట్టని తీసి పక్కన వేశారు.

వెనక్కి వస్తుంటే సంఘ పెద్దలు ఎదురయ్యారు. కూడిక చక్కగా జరుపుకోమని, అయితే ఆ విషయం మాత్రం ఎవరూ ఎత్తకూడదని చెప్పారు. సువార్తమ్మ గారు తల ఊపుతూ "ఆయ్, ఆయ్" అన్నారు. వాళ్లు వెళ్లాక, "మీరు ఒప్పుకున్నారా అమ్మా?" అన్నాను.

"విన్నానని చెప్పానండి" అన్నారావిడ.

గుడిలో

పాటలయ్యాయి, వాక్యం చదివారు. మనుషులు బాగానే వచ్చారు. కుర్రవాడైన కొత్త పాస్టరు, సారు ఎంత చదువుకున్నారో, ఎన్ని దేశాలు తిరిగారో చెప్పి జాగ్రత్తగా కూర్చున్నాడు. తర్వాత నా పేరు పిలిచారు. మైకు నా ఎత్తుకు లేదు, సరిచెయ్యబోతే గీ పెట్టింది. పిల్లలు నవ్వారు.

రైల్లో తయారుచేసుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. వంటింట్లో రొయ్యల సంగతి చెప్పాను. నిద్ర పడుతోందా అని ఆయన అడిగిన సంగతి చెప్పాను. "ఎందుకు నిద్ర పట్టలేదో చెప్పాలి" అన్నాను. ముందు వరసలో ఒక పెద్దాయన తల ఎత్తారు.

"నేను మగవాణ్ణి ప్రేమించే మగవాణ్ణండి. మా ఇంట్లో మనిషి ఉన్నాడు. పేరు రఫీ. మేమిద్దరం కాపురం చేసుకుంటున్నాం. ఇవాళ నాకు నిద్ర పడుతోందంటే అది సారు వల్ల."

ఇద్దరు పెద్దలు లేచి బయటికి వెళ్లారు. ఒకావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కొత్త పాస్టరు గడియారం చూసుకుని, "సమయం..." అన్నాడు. నేను దిగి, ముందు వరసలో నాకిచ్చిన కుర్చీలో అందరి ముందూ కూర్చోలేక, వెనక్కి నడిచి చాప మీద కూలబడ్డాను.

అప్పుడు నా పక్కనున్న ముసలాయన గోడ పట్టుకుని లేచారు. ఆయన ముందుకు వెళ్లలేదు, మైకూ అడగలేదు. అక్కడే నిలబడి మాట్లాడారు.

"నేను యాకోబునండి. ప్రభుదాసు తండ్రిని. అప్పుడు సంఘ పెద్దని. నా కొడుకుని పాతిపెడుతుంటే నేను ఇంట్లో తలుపేసుక్కూర్చున్నాను. అయ్యగార్ని పుల్పిట్ దింపిన వాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. వచ్చి ఈ చాప మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఏళ్ల తరబడి కూర్చున్నామండి ఇద్దరం. నువ్వెందుకు రాలేదని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెబుదామని ప్రతి ఆదివారం వచ్చేవాణ్ణి. అడక్కుండానే పోయేరు."

ఆయన మళ్లీ గోడ పట్టుకుని కూర్చున్నారు. సువార్తమ్మ గారు వెళ్లి ఆయన పక్కన చాప మీద కూర్చున్నారు. ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. మిగతావాళ్లు కుర్చీల్లోనే ఉన్నారు. కొత్త పాస్టరు ఏం చెయ్యాలో తెలియక ఒక పాట మొదలుపెట్టాడు.

భోజనాల దగ్గర కొందరు నాకు దూరంగా జరిగారు. కొందరు కోడికూర మళ్లీ మళ్లీ వడ్డించారు. యాకోబు గారు ఏమీ తినలేదు. చెయ్యి కడుక్కుంటుంటే దగ్గరకొచ్చి, "రేపు తమరు కొత్తపేట మీదుగా వెళ్తారాండీ?" అని అడిగారు.

మళ్లీ కొత్తపేట

ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో చక్కెరకేళి అరటిపళ్లు పెట్టుకుని, యాకోబు గారు నాతో బయల్దేరారు. దారంతా ఆయన కుదురుగా కూర్చోలేకపోయారు. సంచి ఒళ్లో పెట్టుకుంటారు, కింద పెడతారు. ప్రతి స్టాపులోనూ తొంగి చూస్తారు.

"ఆ అబ్బాయిని ఏమని పిలవాలండీ?"

"శ్రీను అంటే చాలండి."

"తిడతాడాండీ?"

"తెలీదండి."

"తిడితే మంచిదేనండి" అన్నారు.

స్టూడియో మెట్టు దగ్గర ఆగిపోయారు. నేను లోపలికి వెళ్లి, "శ్రీను గారూ, ప్రభుదాసు నాన్నగారు వచ్చారు" అన్నాను. అతను కంప్యూటరు ముందు నుంచి లేచాడు. గుమ్మంలో ఉన్న మనిషిని చాలాసేపు చూశాడు. నేను ఇద్దరి మధ్యలో అనవసరంగా నిలబడి ఉన్నానని తెలిసి పక్కకి జరిగాను. శ్రీను కుర్చీ లాగి, తువ్వాలుతో తుడిచాడు.

"కూర్చోండి మావయ్యగారూ" అన్నాడు.

యాకోబు గారు అరటిపళ్ల సంచి అతని చేతికిచ్చి కూర్చున్నారు. ఫోటోలకొచ్చిన కుర్రాళ్లు చోటిచ్చి సర్దుకున్నారు. ఆయన గోడలకేసి, కెమెరాకేసి, నేలకేసి చూశారు.

"మావాడు ఏళకి అన్నం తినేవాడా బాబూ?" అని అడిగారు.

"ఎక్కడండీ. నేనే వెంటపడి పెట్టేవాణ్ణి."

"చిన్నప్పుడూ అంతేనండి" అన్నారు యాకోబు గారు.